మూడో పట్టికలోని సున్నా

పాత ప్రెస్సు వెనక వీధి, మేడమీద గది
ఫిబ్రవరి 9

డాక్టరుగారికి,

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. మీ పెద్దమ్మ పోయిన మూడో రోజు, ఇదే గదిలో, నేనిప్పుడు ఉత్తరం రాస్తున్న ఈ బల్ల అంచు పట్టుకుని అన్నాడు: "అన్నయ్యా, వదిన పేరు ఎక్కడా రాయను. కానీ వదిన నంబరు వదలను. నా పరిశోధనలో పోయినవాళ్ళ గడిలో ఒకటి అని వేస్తాను. ఆ ఒకటి వదినే." నేను అడగలేదు. తనంతట తానే అన్నాడు. అడిగించుకుని ఇచ్చిన మాట తప్పితే బలహీనత అనుకోవచ్చు. అడక్కుండా ఇచ్చిన మాట తప్పితే దాన్ని ఏమనాలో నిఘంటువులు దిద్దిన నాకే తెలియదు.

ఇప్పుడు మీ ఆస్పత్రిలో ఆయన పేర ఒక హాలు కట్టారనీ, మే నెలలో ప్రారంభమనీ, కుటుంబంలో పెద్దవాణ్ణి కనక ముందు వరసలో కూర్చోవాలనీ మీరు పంపిన అచ్చు కార్డు అందింది. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు ఊరుకోవు కదా. కార్డులో రెండు తప్పులున్నాయి. ఒకటి, "ఆహ్వానితులు"లో వత్తు ఎగిరిపోయింది. రెండోది, "ఒక్క ప్రాణం కూడా పోని చికిత్సకు ఆద్యుడు" అన్న వాక్యం. మొదటిది ఏ ప్రెస్సువాడైనా దిద్దుతాడు. రెండోది దిద్దబోయి నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను.

రాను. మీ డైరెక్టరుకి నేను శిలాఫలకం అని పేరు పెట్టుకున్నాను. రాయి కనబడితే పేరు చెక్కించుకోకుండా వదలడు. ఆయనకి నా మాటగా చెప్పండి: ముందు వరసలో నాకు వేసే కుర్చీ మీద పదిహేడు అని నంబరు అంటించి ఖాళీగా ఉంచమనండి.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న పెద్దనాన్న


మెదడు, వెన్నుపాము రక్తనాళాల విభాగం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 20

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

మీరు "డాక్టరుగారికి" అని రాస్తే ఇంకెవరి ఉత్తరమో విప్పానేమోనని కవరు తిప్పి చూసుకున్నాను. చిన్నప్పుడు నన్ను వాగుడుకాయ అనేవారు. ఆ పేరే నయం.

కార్డులో ఆ వాక్యం నేను రాయలేదు. కానీ నమ్ముతున్నాను. నాన్న పోయి ఏడాది దాటింది. మీరు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు, ఇప్పుడూ అడగను. అయితే ఆయన గురించి ఒక మాట వినండి.

నిన్న మా ఓపీకి ఒక దర్జీ వచ్చాడు. నడుములో డిస్కు జారిందని చెప్పి రెండేళ్ళుగా ఎవరెవరో సూదులు పొడుస్తున్నారు. పొడిచినప్పుడల్లా కాళ్ళు మరికాస్త చచ్చుబడ్డాయి. మిషను తొక్కలేక కొట్టు మూసేశాడు. నాన్న మాకు నేర్పిన ప్రశ్న అడిగాను: "కాస్త దూరం నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే తేరుకుంటాయా?" అతను కళ్ళు తుడుచుకుని, "రెండేళ్ళ నుంచీ ఈ మాట ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నానమ్మా" అన్నాడు. అది డిస్కు కాదు. వెన్నుపాము పక్కన ధమని దారి తప్పి నేరుగా సిరలోకి తెరుచుకుంది. ఆ పోటుకి వెన్నుపాము ఉబ్బిపోతోంది. ఎల్లుండి ఆ రంధ్రం మూసేస్తాం. మళ్ళీ మిషను తొక్కుతాడు. అలాంటి ప్రశ్న నేర్పిన మనిషి మాట తప్పాడంటే నాకు మింగుడుపడటం లేదు.

ఆయన వ్యాసంలో మూడో పట్టిక నాకు కంఠతా వచ్చు. మెదడు రక్తనాళంలో బుడగ ఉన్నవాళ్ళు నలభై మంది. తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి, ఆ బుడగలో ప్లాటినం తీగ చుట్టి నింపడం. ఏడాదిలో మరణాలు: సున్నా. ఆచూకీ తెలియనివారు: ఒకరు. ఆ ఒకరు పెద్దమ్మ అంటున్నారా? నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దమ్మ జ్వరంతో పోయిందని మా ఇంట్లో చెప్పారు.

మీ,
వాగుడుకాయ


మేడమీద గది
మార్చి 1

అమ్మాయికి,

జ్వరం! మీ నాన్న ఊహాశక్తి అంతేనన్నమాట. నవలలు చదవరా అని చెబితే వినేవాడు కాదు.

చెబుతాను, విను. మీ పెద్దమ్మ లెక్కల టీచరు. ఒక ఏడాది వేసవి ముగిసి బళ్ళు తెరిచాక ఎడమ కనురెప్ప వాలిపోయింది. టీచరుగారు కన్ను కొడుతున్నారని వెనక బెంచీవాళ్ళు నవ్వుకున్నారట. ఇంటికొచ్చి తనే చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. మా ప్రెస్సులో వైద్యుల పత్రిక అచ్చయ్యేది, దాని ప్రూఫులు నేనే చదివేవాణ్ణి. రెప్ప వాలడం అంటే ఏమిటో అరకొరగా తెలుసు. మీ నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఫిలిం దీపానికి పెట్టి చూపించాడు. బఠాణీ గింజంత బుడగ. "పగిలితే ప్రమాదం. పగులుతుందని చెప్పలేను, పగలదనీ చెప్పలేను" అన్నాడు. నేను వారం రోజులు దొరికిన పుస్తకమల్లా చదివి, ముట్టుకోవద్దని తేల్చాను. మీ పెద్దమ్మ "సరే" అంది. నేను మొండి అని పిలిచే మనిషి అంత సుళువుగా "సరే" అన్నప్పుడే అనుమానించాల్సింది.

ఆ తర్వాత ఒక నిఘంటువు అచ్చు పనిమీద పది రోజులు పొరుగూరు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ తొడకి కట్టు. మంచం మీద కూర్చుని క్వార్టర్లీ పేపర్లు దిద్దుకుంటోంది. "తప్పులాయనా, వచ్చారా? నా తలలో ఇప్పుడు ప్లాటినం ఉంది. ఇకనుంచి కాస్త విలువిచ్చి మాట్లాడండి" అంది. నేను లేని సమయం చూసి మీ నాన్న ఆవిణ్ణి ఒప్పించాడు. తన నలభై నిండాలి కదా. పదిహేడో గడి ఖాళీగా ఉందేమో.

ఎనిమిది నెలలు బాగానే ఉంది. తొమ్మిదో నెలలో బోర్డు మీద ఒక లెక్క సగం చేసి, సుద్దముక్క చేతిలో ఉండగానే కూలిపోయింది. దగ్గర్లో ఉన్న చిన్న ఆస్పత్రిలో రెండు రోజులుంది. నింపిన బుడగే మళ్ళీ ఉబ్బి పగిలిందన్నారు.

రెండేళ్ళకి మీ నాన్న వ్యాసం మా ప్రెస్సుకే వచ్చింది. నా బల్ల మీదకే. మూడో పట్టికలో మరణాలు సున్నా. పదిహేడో నంబరు, ఆచూకీ తెలియలేదు. ఇల్లు ఎక్కడో తెలుసు, బల్ల ఎక్కడో తెలుసు, ఆవిడ పోయిన రోజున రెండో చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చింది తనే. ఆచూకీ తెలియలేదు! సున్నా కొట్టేసి ఒకటి వేశాను. "ఆచూకీ తెలియలేదు" కొట్టేసి "మరణించారు" అని రాశాను. ప్రూఫ్ రీడరు అక్షరాలు దిద్దాలిగానీ విషయం దిద్దకూడదు. అది మా వృత్తిలో మొదటి నియమం. మేనేజరు పిలిచి, "ఏంటి సార్ ఇది, మీరు డాక్టరా?" అన్నాడు. "కాదు, మొగుణ్ణి" అన్నాను. ఆ నెలాఖరుకి బయటికి పంపారు.

ధైర్యం ఉంటే మీ గిడ్డంగిలో పదిహేడో నంబరు ఫైలు తెరిచి చూడు. లేదా, హాలు బాగుందని చప్పట్లు కొట్టు.

పెద్దనాన్న


మూడో అంతస్తు
మార్చి 15

పెద్దనాన్నా,

తెరిచాను.

అదృష్టమో దురదృష్టమో, ఆ నలభై మందీ ముప్పై ఏళ్ళ తర్వాత ఎలా ఉన్నారో వెతికే పని ఇప్పుడు నాదే. అందుకే రికార్డు గది తాళం నాకు ఇచ్చారు. పదిహేడో ఫైలు పలచగా ఉంది. పై భాగంలో మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. వాలిన రెప్ప, బుడగ కొలత, తీగల పొడవు. నాన్న చేతిరాత. ఆ తర్వాత ఆరు కవర్లు. పెద్దమ్మ పోయాక కూడా ఆమె పేర మూడు నెలలకి ఒకటి చొప్పున పంపిన ప్రశ్న కార్డులు. ఆరూ విప్పకుండా వెనక్కి వచ్చాయి. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో అడ్డంగా, "తిప్పి పంపండి". ఆ ఎర్రసిరా ఎవరిదో, ఆ "తి" మెలిక ఎవరిదో నాకు తెలియదనుకోకండి. నా మూడో తరగతి వ్యాసం మీరు దిద్దిచ్చింది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నియమం ఏమిటంటే, మూడు కార్డులు వరసగా తిరిగొస్తే, మరణ ధ్రువపత్రం లేకపోతే, ఆ మనిషిని ఆచూకీ తెలియనివారిలో వేయాలి. ఫైలులో ధ్రువపత్రం లేదు. అది మీ దగ్గరే ఉండాలి. ఇన్నేళ్ళూ దాచింది మీరు. అంటే నాన్న ఒక్కడే కాదు కదా, పెద్దనాన్నా?

కోపం తెచ్చుకోండి, ఫరవాలేదు. కానీ ఆ కాగితం పంపండి. ఆ కాగితం, ఆ చిన్న ఆస్పత్రి చీటీ ఉంటే నేను కమిటీ ముందు పెట్టగలను. సున్నాని ఒకటి చేయించగలను. లేకపోతే మీ కోపం ఒక మనిషి కోపంగానే మిగిలిపోతుంది. పట్టికల్లో కోపానికి గడి ఉండదు.

వాగుడుకాయ


మేడమీద గది
మార్చి 22

వాగుడుకాయకి,

పట్టికల్లో కోపానికి గడి ఉండదు! బాగా అన్నావు. మీ పెద్దమ్మ వింటే నీకు పదికి పది వేసేది.

అవును, తిప్పి పంపింది నేనే. ఆరూ నేనే. మళ్ళీ పంపినా మళ్ళీ తిప్పేవాణ్ణి. మొదటి కార్డు మాత్రం విప్పి చదివి తిరిగి అంటించాను. అందులో ఏముందో నీకు తెలుసా? "ఈ మూడు నెలల్లో మీకు తలనొప్పి వచ్చిందా? మీ జుట్టు మీరే దువ్వుకోగలుగుతున్నారా? మీ పని మీరు తిరిగి మొదలుపెట్టారా?" అవును లేదా కాదు అన్న మాట చుట్టూ సున్నా చుట్టాలి. పోయి నెల దాటని మనిషిని, జుట్టు దువ్వుకోగలుగుతున్నారా అని అడిగారు. కింద మీ నాన్న సంతకం ముద్ర. గుమాస్తా పంపి ఉంటాడు, నిజమే. కానీ గుమాస్తాకి ఒక్క మాట చెప్పాల్సిన మనిషి, ఈ బల్ల అంచు పట్టుకుని మాట ఇచ్చిన మనిషి, నోరు విప్పలేదు. నువ్వైతే ఏ గడి చుట్టూ సున్నా చుడతావో చెప్పు.

ధ్రువపత్రం సంగతి. ఆ మూడో రోజే ఇవ్వబోయాను. "ఉంచు అన్నయ్యా, నేనే వచ్చి తీసుకుంటాను" అన్నాడు. రాలేదు. అన్నదమ్ములం ఒకే ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఉన్నాం. ఎదురుపడితే వీధి మారేవాడు. తప్పు చేసినవాడి నడక అది. నేనెప్పుడూ వీధి మార్చలేదు. వచ్చి అడిగితే ఇద్దామని ఆ కాగితాన్ని నిఘంటువులో 'మ' అక్షరం దగ్గర పెట్టి ఉంచాను. మాట, మరణం, మరిది, మొండి, అన్నీ ఆ అక్షరంలోనే ఉన్నాయి. వెతుక్కోవడం తేలిక.

ఇదుగో, జత చేస్తున్నాను. ఆస్పత్రి చీటీ కూడా. నకళ్ళు కాదు, అసలువి. నాకు నకళ్ళ మీద నమ్మకం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. నువ్వు ఒక మినహాయింపు కావచ్చు. చూద్దాం.

ఒక షరతు. కమిటీ అంటే శిలాఫలకమే కదా. "పాతది తవ్వడం ఎందుకమ్మా, నీ భవిష్యత్తు చూసుకో" అంటాడు. అన్నప్పుడు ఏం జవాబు చెప్పావో నాకు రాయాలి. అక్షరం మార్చకుండా.

పెద్దనాన్న


మూడో అంతస్తు
ఏప్రిల్ 10

పెద్దనాన్నా,

మీరు జోస్యం చెప్పి బతకొచ్చు. ఆయన సరిగ్గా అలాగే మొదలుపెట్టాడు.

"పాతది తవ్వడం దేనికమ్మా? అందరూ పెద్దవాళ్ళయిపోయారు."

"పదిహేడో నంబరు పెద్దది కాలేదు సార్. నలభై నాలుగు దగ్గరే ఆగిపోయింది."

"మీ నాన్నగారి పేరు మీదే హాలు కడుతున్నాం. ఆయన కూతురివి, నువ్వే..."

"కూతుర్ని కాబట్టే సార్. ఇంకెవరైనా అంటే అసూయ అంటారు."

"ఒక్కరి వల్ల ఇప్పుడు ఏం మారుతుంది?"

"సున్నా ఒకటి అవుతుంది సార్. దానికంటే పెద్ద మార్పు లెక్కల్లో ఉండదని మా పెద్దమ్మ పిల్లలకి చెప్పేదట."

చివరి మాట నేనే కల్పించాను. పెద్దమ్మ చెప్పేదో లేదో నాకు తెలియదు. చెప్పే ఉంటుంది.

రెండు వారాలు నా సెలవు కాగితం మీద సంతకం పెట్టలేదు. నా కొత్త స్టడీకి అనుమతి ఆపాడు. నేను ధ్రువపత్రాన్ని నీతి కమిటీకి పంపేశాను. అందులో ఆయన ఒక్కడే కాదు, బయటివాళ్ళూ ఉన్నారు. మొన్న తేల్చారు. పత్రికలో సవరణ అచ్చు వేయాలి. కార్డులో ఆ వాక్యం తీసేయాలి. గెలిచారు, పెద్దనాన్నా.

ఇంతవరకు రాసి రెండు రోజులు పెన్ను పక్కన పెట్టాను. ఫైలులో ఇంకో కాగితం ఉంది. అడుగున, అట్టకి గుండుసూదితో గుచ్చి. మార్చిలోనే చూశాను. మీకు చెప్పలేదు. అది పెద్దమ్మ చేతిరాత. మీ గెలుపు మీ చేతికొచ్చేదాకా ఆగాలనుకున్నాను. మీరు వద్దంటే అది అక్కడే ఉంటుంది. పంపమంటే పంపుతాను.

వాగుడుకాయ


మేడమీద గది
ఏప్రిల్ 14

పంపు.

నాకు డెబ్బై ఎనిమిది. పాలపీక వయసు దాటింది.


మూడో అంతస్తు
ఏప్రిల్ 21

పెద్దనాన్నా,

అసలుది ఫైలులో ఉండాలి కాబట్టి చేత్తో ఎత్తి రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

"మరిదిగారూ, ఆయనకి చెప్పి వచ్చానని మీతో అబద్ధమాడాను. చెప్పలేదు. ఆయన ఊరు వెళ్ళేదాకా ఆగి వచ్చాను. ఆయన నామీద ప్రేమకొద్దీ పుస్తకాలన్నీ చదివి వద్దని తేల్చారు. కానీ తల నాది. ఈ తలతోనే రోజూ బోర్డు ముందు నిలబడాలి. పగులుతుందేమో అనుకుంటూ మిగిలిన బతుకంతా మెల్లిగా నడవడం నావల్ల కాదు. మెల్లిగా నవ్వడం అసలే కాదు.

వందలో ఎందరికి బాగవుతుంది అని మిమ్మల్ని అడిగాను. 'నాకు తెలియదు వదినా, తెలుసుకోవడానికే ఈ పరిశోధన' అన్నారు. ఇంతమంది డాక్టర్లని చూశాను. తెలియదు అన్నది మీరొక్కరే. తెలియదని చెప్పేవాడి దగ్గరే లెక్క నేర్చుకోవాలి. అందుకే సంతకం పెట్టాను. నా చేత ఎవరూ పెట్టించలేదు.

ఒకటే కోరిక. నాకేమైనా అయితే, ఇది నా నిర్ణయమని ఆయనకి చెప్పకండి. మీరు ఒప్పించారనే అనుకోనివ్వండి. ఆయనకి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరూ లేకపోతే తన మీదే పెట్టుకుంటారు, 'నాకు చెప్పుకోలేనంత దూరం నేనెందుకు జరిగాను' అని ఆలోచిస్తూ కూర్చుంటారు. ఆ ఆలోచన ఆయన్ని బతకనివ్వదు. మీరు తమ్ముడు. తిట్లు పడటం తమ్ముళ్ళకి అలవాటే. నాకు మాటివ్వండి."

కింద నాన్న చేత్తో ఒకే మాట ఉంది: "ఇచ్చాను."

దాని వెనకే మరణ నివేదిక ఫారం. పెద్దమ్మ పోయిన నాలుగో రోజు తేదీ. అన్ని గడులూ నింపాడు. కారణం: చికిత్స చేసిన బుడగ మళ్ళీ పగలడం. సంతకం పెట్టాడు. పంపలేదు. ఎందుకో ఆ ఫారం వెనక అచ్చయిన, ఇప్పుడు అమల్లో లేని ఆ కాలపు నియమం చదివాక తెలిసింది. స్టడీలో ఎవరు పోయినా కమిటీ భర్తనో భార్యనో పిలవాలి. ఫైలులో ఉన్న ప్రతి కాగితమూ చూపించి సంతకం తీసుకోవాలి. ఈ ఉత్తరం అప్పటికే ఫైలులో నమోదై ఉంది. మరణం అని రాస్తే మీకు దీన్ని చూపించాలి. అందుకని మీకిచ్చిన మాట తప్పి, పెద్దమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

వీధి మారింది తప్పు చేసినందుకే కాదేమో, పెద్దనాన్నా.

వాగుడుకాయ


మూడో అంతస్తు
మే 19

పెద్దనాన్నా,

నాలుగు వారాలైంది. మీనుంచి ఒక్క ముక్క లేదు. మీ వీధి చివరి మందుల కొట్టాయనకి ఫోన్ చేస్తే, "బతికే ఉన్నారు, నిన్న నాతో గొడవపడ్డారు" అని ఆయన అన్నాక ఊపిరి పీల్చుకున్నాను.

హాలు ప్రారంభమైంది. కార్డు మళ్ళీ అచ్చు వేశారు, వత్తు కూడా వచ్చింది. ముందు వరసలో ఒక కుర్చీకి పదిహేడు అని నేనే కాగితం అంటించాను. శిలాఫలకంగారు దాని మీద కూర్చోబోయారు. "అక్కడ మనిషి ఉన్నారు సార్" అన్నాను. చుట్టూ చూసి పక్క కుర్చీకి జరిగారు. నా వంతు వచ్చినప్పుడు నాన్న గురించి చెప్పాను. దర్జీ గురించి, సున్నా గురించి, ఒకటి గురించి. చప్పట్లు పెద్దగా పడలేదు.

దర్జీ కర్ర లేకుండా వచ్చాడు. ఆఖరి వరసలో నిలబడే ఉన్నాడు. కుర్చీ ఇస్తే వద్దన్నాడు.

పత్రికవాళ్ళు పంపిన సవరణ ప్రూఫు జత చేస్తున్నాను. దీన్ని దిద్దాల్సింది ఎవరో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

వాగుడుకాయ


పాత ప్రెస్సు వెనక వీధి, మేడమీద గది
జూన్ 2

వాగుడుకాయకి,

ప్రూఫు చదివాను. మూడుసార్లు చదివాను, వెనక నుంచి ముందుకి ఒకసారి. అలా చదివితే అర్థం అడ్డురాదు, అక్షరాలే కనబడతాయి. మూడో పట్టిక, మరణాలు: ఒకటి. ఆచూకీ తెలియనివారు: లేరు. ఒకచోట చుక్క లేదు, పెట్టాను. విషయంలో తప్పేమీ లేదు. సంతకం చేసి పంపుతున్నాను. ముప్పై ఏళ్ళ కిందట మొదలుపెట్టిన పేజీ ఇవాళ్టికి పూర్తయింది.

ఇక నువ్వు ఎదురుచూస్తున్న మాట. "పాపం తమ్ముడు, తప్పుగా అనుకున్నాను" అని ముసలాడు కరిగిపోతాడనుకున్నావు కదూ. కరగను. మీ నాన్న చేసింది తప్పే. వదినకిచ్చిన మాట ఇంట్లో నిలబెట్టుకోవాలి, పట్టికలో కాదు. ఆ సున్నా చూసి ఎన్ని ఊళ్ళలో ఎందరు డాక్టర్లు ధైర్యంగా తీగ చుట్టారో, తొమ్మిదో నెలలో మళ్ళీ ఫిలిం తీసి చూడాలన్న ఆలోచన ఎందరికి రాకుండా పోయిందో లెక్క వెయ్యి. ఆ బుడగలు మళ్ళీ ఉబ్బుతాయని పదిహేడో నంబరు చెప్పింది. మీ నాన్న దాని నోరు నొక్కాడు. ప్రేమతోనే నొక్కాడు, సరే. ప్రేమతో నొక్కినా నోరు నోరే. పైగా ఆ సున్నా ఆయనకీ అచ్చొచ్చింది. అది కడిగేయకు. ఆయన ఉన్నా ఇదే మాట ముఖం మీదే అనేవాణ్ణి. ఆ తర్వాత కూర్చోమనేవాణ్ణి. అంతే తేడా.

అయితే తప్పు వేరు, కోపం వేరు. నా కోపం ముప్పై ఒక్క ఏళ్ళు తప్పు చిరునామాకి వెళ్ళింది. నేను ఎన్ని ఉత్తరాలు తిప్పి పంపినా, ఆ ఒక్కటి మాత్రం తిప్పి పంపకుండా పుచ్చుకున్నాడు మీ నాన్న.

నాలుగు వారాలు ఏం చేశానంటావా? ఆ ఉత్తరంతో వాదించాను. నోటితోనే, పైకే. కింద వాటాలో ఉన్న ఆవిడ తలుపు కొట్టి, "ఎవరితో మాస్టారూ గొడవ?" అంది. "మా ఇంటావిడతో" అన్నాను. భయపడి వెళ్ళిపోయింది.

నేను బతకలేనని ఆవిడే తేల్చేసింది. నాకు చెబితే విరిగిపోతానని, అందుకని మోయడానికి ఒక తమ్ముణ్ణి చూపించి పోయింది. వందలో ఎందరు అని డాక్టర్ని అడిగింది, మొగుణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. "వద్దు" అని నేను అనేవాణ్ణే. అరిచేవాణ్ణే. రెండు రోజులు అన్నం మానేసేవాణ్ణే. మూడో రోజు ఆస్పత్రికి పక్కన నడిచేవాణ్ణి. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు చెప్పులు పట్టుకుని బయట నిలబడేవాణ్ణి. ఆ మూడో రోజు నాకు ఇవ్వలేదు. ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉండి ఇవ్వలేదు. నాకు పెళ్ళాం లేకుండా చేసింది ఆ బుడగ. తమ్ముడు లేకుండా చేసింది ఆవిడ.

ఫైలులో ఆ ఉత్తరం పక్కన దీన్ని కూడా పెట్టు. నియమం ఒప్పుకోకపోతే నియమం మార్పించు, నీకు అలవాటే కదా. ముప్పై ఏళ్ళకో అరవై ఏళ్ళకో ఎవరో వాగుడుకాయ తెరిచి చూస్తుంది. బాధ్యులు ఎవరు అన్న గడి ఒకటి ఉంటుంది ఆ ఫారంలో, నాకు తెలుసు, అలాంటి ఫారాలు వెయ్యి దిద్దాను. అందులో మీ నాన్న పేరు రాస్తే కొట్టేయి. బుడగ అని రాస్తే కొట్టేయి. భర్త వాంగ్మూలం అని పైన వేసి, ఎర్రసిరాతో, నా మాటగా, ఒకే పేరు రాయి:

మొండి.